ఎల్‌కేజీలో పదకొండు నెలలు: నా అనుభవం

2025 ఏప్రిల్ 23తో మా పాప ఎల్‌కేజీ అయిపోయింది. చేర్పించే ముందు తెలిసినవాళ్లందరినీ అడిగాను. "మొదటి వారం ఏడుస్తారు, తర్వాత అదే అలవాటవుతుంది" అన్నారు. ఆ వెంటనే "ఫీజెంత?" అని అడిగారు. అంతకుమించి ఎవరూ ఏమీ చెప్పలేదు. చెప్పాల్సినవి చాలా ఉన్నాయని ఇప్పుడు తెలుస్తోంది.

మేముండేది ఉప్పల్‌లో. నేను మెడికల్ కోడింగ్ కంపెనీలో రాత్రి షిఫ్టు చేసి తెల్లవారుజామున నాలుగున్నరకు ఇల్లు చేరతాను. నా భార్య ల్యాబ్ టెక్నీషియన్, పొద్దున ఏడున్నరకల్లా వెళ్లిపోతుంది. అందుకని పాపను లేపడం, స్నానం, జడలు, స్కూటీ మీద స్కూలు దాకా తీసుకెళ్లడం నా వంతు. మధ్యాహ్నం ఆటోలో వస్తే ఎదురు చూసేది మా అమ్మ. సూర్యాపేట దగ్గర ఊళ్లో ఉండేది, ఈ ఏడాది కోసమే మా దగ్గరికి వచ్చింది.

2024 జనవరి మొదటి వారంలో స్కూళ్లు చూడటం మొదలుపెట్టాం. మూడు చూశాం. మొదటిదాని ఫీజు విని కుర్చీలోంచి లేచాం. రెండోదానికి ఆడుకునే జాగా లేదు. మూడోది ఇంటికి రెండు కిలోమీటర్లు, రాష్ట్ర సిలబస్, ఏడాదికి 36,000. అప్లికేషన్‌కు 500, అడ్మిషన్ ఫీజు 6,000. సరే అనుకున్నాక కాగితాల దగ్గర ఆగిపోయాం. పాప బర్త్ సర్టిఫికెట్‌లో పాప పేరే లేదు! ఆస్పత్రి నుంచి వివరాలు వెళ్లినప్పుడు ఇంకా పేరు పెట్టలేదు కదా. తల్లి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ ఉన్నాయి, పిల్ల పేరుండాల్సిన చోట ఖాళీ. మూడేళ్లుగా ఆ కాగితం బీరువాలో ఉంది, ఒక్కసారీ చదవలేదు. మీ సేవకెళ్లి పేరు చేర్చమని దరఖాస్తు పెట్టాం. తొమ్మిది రోజులు పట్టింది. అక్కడ ఇంటిపేరు ముందు రాయాలా, చివర రాయాలా అని అడిగారు. ఏది రాయిస్తే అదే ఆధార్‌లో, స్కూల్ రికార్డులో, రేపు పదో తరగతి మెమోలో నడుస్తుంది. మేం అప్పటికే నీలం రంగు బాల ఆధార్ తీయించాం, అందులో ఇంటిపేరు చివర ఉంది. ఇంటికి ఫోన్ చేసి అది చూసుకుని అలాగే రాయించాను. మీ పిల్లలకు మూడేళ్లు రాకముందే ఆ కాగితం ఒకసారి తీసి చూడండి.

జనవరి 27న పాపను తీసుకురమ్మన్నారు. ఇంటర్వ్యూ అనకూడదట, ఇంటరాక్షన్ అనాలట. ఒక మేడం బొమ్మలు చూపించారు. చిలుక బొమ్మ చూసి పాప ఠక్కున "రామచిలుక" అంది. ఆపిల్ చూపించి ఏంటని అడిగితే, "నానమ్మ కోసిస్తది" అంది. నాకు ముచ్చటేసింది. మేడం మాత్రం నా వైపు తిరిగి, "ఇంట్లో కొంచెం పారెట్ అని చెప్పించండి సార్" అన్నారు. సీటొచ్చింది. ఆ మాట మాత్రం ఏడాదంతా వెంటాడింది.

ఫిబ్రవరి 14న వసంత పంచమి. వర్గల్ సరస్వతి గుడిలో అక్షరాభ్యాసం చేయించాం. క్యూలో మూడు గంటలు. పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని, పలక మీద ఓం అని చేయి పట్టి రాయించాను. అమ్మ ఆ పలకను పసుపు బొట్టుతో సహా ఇంటికి తెచ్చి జాగ్రత్త చేసింది. ఎల్‌కేజీ అయ్యేదాకా పాప చేత్తో రాసిన తెలుగు అక్షరం ఆ ఒక్కటే. తెలుగు యూకేజీ నుంచట.

మే చివర్లో పుస్తకాలు, యూనిఫాం. రెండూ స్కూల్లోనే కొనాలి. పుస్తకాలు 5,200. రెండు జతల యూనిఫాం, ఆటల డ్రెస్సు, టై, బెల్టు, బూట్లు కలిపి 4,350. మొత్తం పదకొండు పుస్తకాలు. ఆటపాటలతోనే చదువు అని స్కూలు గోడ మీద పెద్ద బోర్డుంది. అమ్మ ఆ పుస్తకాల కట్టను చేత్తో తూచినట్టు పట్టుకుని, "గింత పొల్లకు గిన్ని పుస్తకాలేందిరా, ఏమన్న కలెక్టర్ పరీక్షకు పోతుందా?" అంది. అట్టలు వేయడం, పేరు చీటీలు అంటించడం రెండు రాత్రుల పని. నాకు నైట్ షిఫ్టు అలవాటు కాబట్టి సరిపోయింది.

జూన్ 12, బుధవారం. మొదటి రోజు. గేటు దగ్గర ఇరవైమంది పిల్లలు గొంతు చించుకుని ఏడుస్తుంటే మా పాప వాళ్లను వింతగా చూసుకుంటూ లోపలికి నడిచి వెళ్లిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు. గురువారం, శుక్రవారం కూడా అంతే. నేను పొంగిపోయాను. ఆఫీసులో కూడా చెప్పుకున్నాను, మా పిల్ల ఏడవదని. శనివారం చిన్నపిల్లలకు సెలవు, ఆదివారం, సోమవారం బక్రీద్. మూడు రోజులు ఇంట్లో ఉండి మంగళవారం, 18న, బూట్లు తొడుగుతుంటే మొదలుపెట్టింది. మొదటి మూడు రోజులు స్కూలంటే చూసి వచ్చే చోటనుకుందట. రోజూ వెళ్లాలని తెలిశాక వచ్చిన ఏడుపది. నాలుగు వారాలు నడిచింది.

స్కూటీ దిగదు. దిగితే నా ప్యాంటు వదలదు. ఆయమ్మ వచ్చి వేళ్లు ఒక్కొక్కటే విడదీసి ఎత్తుకుపోయేది. నేను గేటు బయట నిలబడేవాణ్ని. ఆమె రెండోసారి బయటికి వచ్చి, "సార్, మీరు గేటుకాడ్నే నిలబడితే ఆమెకు కానొస్తరు. మీరు పోండ్రి. మీరు పోయినంక అయిదు నిమిషాలకు బంద్ జేస్తది" అంది. నమ్మలేదు. రోడ్డు అవతల టీ కొట్టు వెనక నిలబడి విన్నాను. నిజమే, ఆరేడు నిమిషాల్లో ఆగింది. ఆ టీ కొట్టు దగ్గర నాలాంటి వాళ్లు ఇంకో ముగ్గురు తండ్రులున్నారు. ఒకరినొకరం చూసుకోకుండా టీ తాగేవాళ్లం.

మొదటి పదిహేను రోజులు పదకొండున్నరకే వదిలేవారు. రోజూ నేనూ నా భార్యా అమ్మా వంతులవారీగా అడిగేవాళ్లం, స్కూల్లో ఏం చేశావమ్మా అని. జవాబు ఒకటే: "ఏమో." మేడం ఏం చెప్పారు? "ఏమో." పక్కన ఎవరు కూర్చున్నారు? "ఒక పాప." డైరీ తీస్తే హోంవర్క్ తప్ప ఒక్క అక్షరం ఉండేది కాదు. మూడున్నరేళ్లు నిద్రలో పక్కకు తిరిగినా తెలిసిన పిల్ల, రోజుకు రెండున్నర గంటలు ఏం చేస్తోందో మాకు తెలియకుండా పోయింది.

జూన్ 25న ఆటో దిగినప్పుడు ఎవరిదో నీలం నిక్కరు వేసుకుని ఉంది. తన స్కర్టు తడిసి, కవర్లో మూటకట్టి బ్యాగులో ఉంది. ఇంట్లో ఏడాదిన్నర నుంచి ఒక్కసారి కూడా అలా చేసుకోలేదు. సాయంత్రం దాకా నోరు విప్పలేదు. రాత్రి వాళ్లమ్మ పక్కన పడుకుని చెప్పింది: "ఒంటికొస్తుందని చెప్పిన మమ్మీ. మేడం సిట్ డౌన్ అన్నది." మర్నాడు వెళ్లి అడిగాను. ఆ మేడం వేరే రాష్ట్రం నుంచి వచ్చి రెండు నెలలే అయింది, తెలుగు అంతంతమాత్రం. పిల్ల "ఒంటికి" అంటే ఒంట్లో బాగాలేదేమో అనుకున్నారట, కూర్చోబెట్టారట. ఆమె చాలా బాధపడ్డారు, తప్పు ఆమెదని నేననను. నాకే తట్టలేదు. రంగుల పేర్లు, పండ్ల పేర్లు, రామచిలుకను పారెట్ అనడం దాకా నేర్పించాను కానీ, వాష్‌రూమ్ అన్న ఒక్క మాట నేర్పించలేదు. ఇంట్లో ఆ మాట మేమెవరం అనం. చిటికెన వేలు చూపిస్తే చాలని మేడంతో ఒప్పందం చేసుకున్నాం. ఆ రోజు నుంచి బ్యాగులో ఎప్పుడూ ఒక జత బట్టలు అదనం.

జులై 1 నుంచి మధ్యాహ్నం రెండింటి దాకా. లంచ్ డబ్బా మొదలైంది. ఇది కొంచెం వివరంగా చెప్పాలి.

నేను మంచి స్టీలు డబ్బా కొన్నాను, 480 రూపాయలు. రెండు గిన్నెలు, పప్పు కారదు, మూత గట్టిగా పడుతుంది. మొదటి రోజు పప్పన్నం నెయ్యి వేసి పెట్టింది అమ్మ. పెట్టింది పెట్టినట్టే వాపసొచ్చింది. రెండో రోజు పెరుగన్నం, మూడో రోజు దోసె, నాలుగో రోజు చపాతీలో బెల్లం చుట్టి. అన్నీ వాపస్. ఇంటికొచ్చి ఆబగా తినేది. "ఎందుకు తినలేదు?" "ఏమో." అమ్మకు ప్రాణం పోయినంత పనైంది. తన చేతి వంట నచ్చట్లేదేమోనని, దిష్టి తగిలిందేమోనని, ఎండుమిరపకాయలు, ఉప్పు తిప్పి పోసింది. నేను స్కూలు మీద అనుమానపడ్డాను, తినడానికి టైము ఇవ్వట్లేదేమోనని. ఇలా ఎనిమిది రోజులు నడిచింది.

జులై 11న గేటు దగ్గర ఆయమ్మ నన్ను ఆపింది. "సార్, మీ పాపకు డబ్బా మూత వస్తలేదు. నిన్న నేను చూసిన. తీస్త ఇయ్యమంటే ఇస్తలేదు. మా డాడీ తీస్తడు అంటది."

ఎనిమిది రోజులు నా పిల్ల, మూత రాని డబ్బా ముందు పెట్టుకుని, పక్కవాళ్లు తింటుంటే చూస్తూ కూర్చుంది. ఆ పొద్దున ఇంటికి వెళ్లి పడుకున్నాను కానీ నిద్ర పట్టలేదు. సాయంత్రం షాపుకెళ్లి 120 రూపాయల ప్లాస్టిక్ డబ్బా తెచ్చాను, పక్కన రెక్క ఎత్తితే ఊడొచ్చేది. మర్నాడు సగం తినొచ్చింది. ఆ వారంలోనే పొద్దుటి ఏడుపు కూడా తగ్గింది. రెండింటికీ సంబంధం ఉందో లేదో నేను చెప్పలేను, మా అమ్మ మాత్రం ఉందనే అంటుంది. ఆయమ్మను అడిగి తెలుసుకున్నవి ఇంకా ఉన్నాయి: బూట్లకు లేసులొద్దు, అంటుకునే పట్టీలుండాలి. స్కర్టుకు హుక్కు తీయించి ఎలాస్టిక్ వేయించాలి. నీళ్ల సీసాకు తిప్పే మూత వద్దు. ఈ మూడూ ప్రిన్సిపాల్ గారి గంటసేపు ఓరియెంటేషన్‌లో లేవు.

ఇక రోగాలు. జులై 19న స్కూల్లో బోనాలు చేశారు. పసుపు కుంకుమ పూసిన చిన్న కుండ, వేపకొమ్మలు, పట్టు లంగా. ఫోటోల్లో ముద్దొచ్చింది. 22న జ్వరం. మర్నాటికి అరచేతుల్లో, పాదాల్లో, నోట్లో నీటి పొక్కులు. నేను ఆటలమ్మ అనుకున్నాను, అమ్మ వేపాకు పరిచింది. పిల్లల డాక్టర్ చూసి హ్యాండ్ ఫుట్ అండ్ మౌత్ అన్నారు. వైరస్‌తో వచ్చేది, యాంటీబయోటిక్ అక్కర్లేదు, జ్వరానికి పారాసిటమాల్, నీళ్లు బాగా తాగించండి, పొక్కులు మానేదాకా బడికి పంపొద్దు. నోట్లో పుళ్లతో రెండు రోజులు చల్లటి మజ్జిగ తప్ప ఏమీ మింగలేదు. వారమంతా ఇంట్లోనే. 28 మంది తరగతిలో ఆ వారం తొమ్మిదిమంది రాలేదట. అప్పటి నుంచి ఫిబ్రవరి దాకా నెలకో జలుబు, రెండు నెలలకో జ్వరం. సెప్టెంబర్‌లో పేలు. ఆ పేలు వాళ్లమ్మకూ నానమ్మకూ ఎక్కాయి. ఆదివారాలు ముగ్గురూ వరసగా గుమ్మంలో కూర్చుని ఒకరి తల ఒకరు చూసుకునేవాళ్లు, నేను పేల దువ్వెన కడిగి అందించేవాణ్ని. ఏడాదిలో పాప బడి మానేసిన రోజులు 31. డాక్టరు ఫీజులు, మందులు కలిపి 6,750. దీనికి మేం వేసుకున్న బడ్జెట్ సున్నా. మా ఇద్దరి సెలవులు నవంబర్‌కే అయిపోయాయి.

ఆగస్టు 10న మొదటి పేరెంట్స్ మీటింగ్. ఆరు నిమిషాలు. మేడం నవ్వుతూ, "షీ ఈజ్ ఎ వెరీ క్వైట్ చైల్డ్" అన్నారు. నేనూ నా భార్యా ముఖాలు చూసుకున్నాం. వేరే పాప గురించి చెబుతున్నారేమో అనుకుని పేరు మళ్లీ చెప్పాను. కాదు, మా పాపే. పొద్దున కళ్లు తెరిచిన దగ్గర్నుంచీ గోడతోనైనా మాట్లాడే పిల్ల, కాకిని పిలిచి కబుర్లు చెప్పే పిల్ల, అక్కడ రెండు నెలలుగా పెదవి విప్పలేదట. ఇంట్లో ఇంగ్లిష్ మాట్లాడమని సలహా ఇచ్చారు. ఇంటికొస్తూ బండి మీద నా భార్య, "మనం ఇంగ్లిష్ మాట్లాడితే అత్తమ్మ ఎవరితో మాట్లాడాలి?" అంది. అంతే. ఆ విషయం మళ్లీ ఎత్తలేదు. మేం తెలుగులోనే మాట్లాడాం. ఒక్క మార్పు: రోజూ పడుకునే ముందు స్కూల్లో అవసరమయ్యే మాటలు పది చెప్పించాం. నొప్పి, దాహం, వాడు కొట్టాడు, నాది పోయింది, మూత తీయండి. పండ్ల పేర్ల కంటే అవి త్వరగా వచ్చాయి.

రాతపని సంగతి. జూన్ అంతా స్టాండింగ్ లైన్, స్లీపింగ్ లైన్, స్లాంటింగ్ లైన్. ఆగస్టు నుంచి ఇంగ్లిష్ పెద్దక్షరాలు, ఒకటి నుంచి ఇరవై. రోజూ రెండు పేజీల హోంవర్క్. మూడేళ్ల పదినెలల పిల్ల వేళ్లలో పెన్సిల్ నిలవదు. మొదట నేను చేయి పట్టి రాయించాను, తర్వాత కోప్పడ్డాను, ఒక రాత్రి గట్టిగా అరిచాను కూడా. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. నా అరుపుకు అమ్మ లేచొచ్చి పుస్తకం తీసి పక్కన పెట్టి, చపాతీ పిండి ముద్ద పాప చేతికిచ్చింది. రోజూ పిండి పిసకడం, చిక్కుడుకాయలు ఒలవడం, పల్లీల పొట్టు తీయడం. రెండు నెలలకు పెన్సిల్ పట్టు కుదిరింది. ఇది మా అమ్మ ఎక్కడా చదివి చేసింది కాదు, పిల్ల నా చేతికి చిక్కకుండా చేసింది. హోంవర్క్ ఒక పేజీకి మించి చేయించలేమని డైరీలో రాసి పంపాను. భయపడుతూనే రాశాను. ఎవరూ ఏమీ అనలేదు. బహుశా అంతకుముందు కూడా ఎవరూ రెండు పేజీలూ లెక్కపెట్టలేదేమో.

డ్రెస్సుల రోజులకు ముందు రోజు సాయంత్రం ఆరింటికి మెసేజ్ వస్తుంది. రేపు ఎల్లో కలర్ డే. రేపు ఫ్రూట్ డే, పిల్లలు ఏదో ఒక పండు వేషంలో రావాలి. ఆగస్టు 23న కృష్ణాష్టమికి గోపిక డ్రెస్సు అద్దె 450, డిపాజిట్ 500, కుండ మీద ముత్యాలు ఊడాయని డిపాజిట్‌లో 100 కోత. చివరికి లెక్కేస్తే ఈ రోజులన్నిటికీ కలిపి 3,900 అయింది. అన్నిట్లోకీ మాకు ఖర్చు లేకుండా గడిచింది అక్టోబర్ 1, దసరా సెలవుల ముందు రోజు. చిన్న పళ్లెంలో బతుకమ్మ పేర్చి పంపమన్నారు. అమ్మ ముందు రోజే ఊరికి పోయి తంగేడు, గునుగు సంచి నిండా తెచ్చింది. మిగతా పిల్లల పళ్లేల్లో ఎక్కువగా బంతి, చామంతి. ఆ రోజు అమ్మను కూడా లోపలికి రానిచ్చారు. పాట ఎత్తుకోవడానికి టీచర్లలో ఎవరికీ పూర్తిగా రాలేదట, అమ్మే పాడింది. ఆ మధ్యాహ్నం పాప ఆటో దిగుతూనే మొదటిసారి అడగకుండా స్కూలు కబురు చెప్పింది: "మా నానమ్మ మా స్కూల్ల మేడమయ్యింది!"

పదమూడు రోజుల దసరా సెలవుల తర్వాత, అక్టోబర్ 15న మళ్లీ ఏడుపు. జూన్ మళ్లీ మొదలైందని హడలిపోయాను. ఈసారి వారమే. సంక్రాంతి తర్వాత రెండు రోజులు.

నవంబర్‌లో మాకు అసలు సమాచారం దొరికింది. ఒక ఆదివారం పాప బొమ్మలన్నిటినీ గోడకు వరసగా కూర్చోబెట్టి, అప్పడాల కర్ర పట్టుకుని స్కూలు ఆట మొదలుపెట్టింది. నేను పక్క గదిలో దుప్పటి కప్పుకుని విన్నాను. మొదట హాజరు. ఇరవై ఎనిమిది పేర్లు, వరస తప్పకుండా, ఇంటిపేర్లతో సహా, అచ్చం ఆ మేడం యాసలో. తన పేరు వచ్చినప్పుడు తనే గొంతు మార్చి "ప్రెజెంట్ మిస్" అంది. తర్వాత రైమ్. తర్వాత నీళ్లు తాగే టైము. ఐదు నెలలు "ఏమో" వెనక దాచిన బడి మొత్తం గంటలో బయటికొచ్చింది. ఈలోగా అమ్మ వంటింట్లోంచి ఏదో అడిగింది. పాప కర్రతో చూపిస్తూ, "నానమ్మా, ఫింగర్ ఆన్ యువర్ లిప్స్!" అంది. అమ్మకు అర్థం కాలేదు. పాపే వెళ్లి ఆమె చూపుడువేలు పట్టుకుని పెదవుల మీద పెట్టింది. అమ్మ అలాగే నోటి మీద వేలుతో వచ్చి బొమ్మల వరసలో కూర్చుంది.

ఆ ఆటలోనే ఇంకోటి కనిపించింది. ఒక ఏనుగు బొమ్మను తీసుకెళ్లి తలుపు బయట పెట్టింది. ఎందుకమ్మా అంటే, "వాడు ఏడుస్తుండు, బయట నిలబడాలె" అంది. నాకు కడుపులో దేవినట్టయింది. మర్నాడు అడిగితే, ఏడుపు ఆపని పిల్లలను కాసేపు వరండాలో ఆయమ్మ దగ్గర ఉంచుతామని, అది శిక్ష కాదని చెప్పారు. నమ్మానా అంటే సగం. ఆయమ్మ కూడా అదే చెప్పాక మిగతా సగం. ఆ తర్వాత ఆదివారాల్లో ఆ ఏనుగు మీద ఒక కన్నేసి ఉంచాను. డిసెంబర్‌కల్లా అది వరసలోకి వచ్చేసింది.

2025 జనవరి 25 మీటింగ్‌లో అదే మేడం, అదే కుర్చీ. "షీ టాక్స్ టూ మచ్" అన్నారు. నా భార్య గట్టిగా నవ్వేసింది. పాప ఇంగ్లిష్‌లో మాట్లాడుతోందని కాదు. మేడమే తెలుగు నేర్చుకున్నారు. "దా, కూసో" అని పాపను పిలిచారు, అచ్చం మా వైపు మాట. ఎక్కడ నేర్చుకున్నారో అడగక్కర్లేకపోయింది.

యాన్యువల్ డే ఫిబ్రవరి 8. డ్రెస్సు, ఫోటో, వీడియో కలిపి 1,800. నెమలి వేషం. డ్రెస్సు రెండు సైజులు పెద్దది, పదకొండు పిన్నీసులు పెట్టాం. పాట మూడు నిమిషాలు, పాప మూడో వరస. మాకు కనిపించింది ముందు వరస పిల్ల తోక. అంతకంటే చెప్పడానికేం లేదు.

మార్చి 15 నుంచి ఒంటిపూట బడి. ఎనిమిదింటికే చేరాలి కాబట్టి నా నిద్ర ఇంకో గంట పోయింది. ఆ నెలలోనే యూకేజీకి రీ-అడ్మిషన్ కాగితం: ఫీజు 40,000, మార్చి 31లోపు మొదటి వాయిదా కడితే సీటు ఖాయం. కట్టాక మా ఆఫీసులో ఒకాయన, "మీ పాప అక్టోబర్ 2020 కదా, ఒకటో తరగతికొచ్చే సరికి ఆరేళ్లు నిండవు, తెలుసా?" అన్నాడు. తెలియదు. మా స్కూలు అయిదు దాటితే చాలంటుంది. కేంద్రీయ విద్యాలయంలో మాత్రం మార్చి 31 నాటికి ఆరేళ్లు నిండితేనే ఒకటో తరగతి. రేపెప్పుడైనా అలాంటి చోటికి మారాలంటే ఏడాది వెనక్కి వెళ్లాల్సిందే. బదిలీల ఉద్యోగాలున్నవాళ్లు ఇది ఎల్‌కేజీకి ముందే లెక్కేసుకోండి. మేం మాత్రం ఫీజు కట్టేశాం, ఇక ఆలోచించడం మానేశాం.

మొత్తం ఖర్చు రాసుకున్నాను. ఫీజు, అడ్మిషన్, అప్లికేషన్ 42,500. పుస్తకాలు, యూనిఫాం 9,550. ఆటో నెలకు 1,500 చొప్పున పదకొండు నెలలు 16,500. దసరాకు పదమూడు రోజులు రాకపోయినా ఆటోకు తగ్గింపు ఉండదు, జూన్ సగం నెలకు కూడా పూర్తి డబ్బే. వేషాలు, యాన్యువల్ డే 5,700. డాక్టరు 6,750. కలిపితే 81,000. డబ్బాల ఖర్చు వేరే. మేం అనుకున్నది యాభై వేలు.

ఏప్రిల్ 23న రిపోర్ట్ కార్డు ఇచ్చారు. అన్నిట్లో ఏ ప్లస్. తరగతిలో అందరికీ ఏ ప్లసే. దాంతోపాటు ఏడాది వర్క్‌షీట్ల ఫైలు. జూన్ నాటి గీతలు, తలకిందులైన మూళ్లు, రంగు గీత దాటిన బొమ్మలు. అమ్మ దాన్ని తీసుకెళ్లి అక్షరాభ్యాసం పలక పక్కన పెట్టింది. మర్నాడే నానమ్మ మనవరాలు సూర్యాపేట బస్సెక్కారు. అక్కడ ఇప్పుడు మా అన్న పిల్లలు, పక్కింటి పిల్లలు వేపచెట్టు కింద రోజూ హాజరు పలుకుతున్నారట. ఒకడు ఎదురు తిరిగితే వరండాలో నిలబెట్టిందట.

జూన్ 12న యూకేజీ. మొన్న పాపను తీసుకొచ్చి సామాన్ల షాపుకెళ్లాం. కిందటేడాది ప్లాస్టిక్ డబ్బా రెక్క విరిగింది. షాపాయన ఆరు డబ్బాలు కౌంటర్ మీద పెట్టాడు. ఒక్కొక్కటీ పాప చేతికిచ్చి మూత తీయమన్నాను. రెండు రాలేదు, ఒకటి వచ్చింది కానీ మళ్లీ పెట్టలేకపోయింది. షాపాయన విసుక్కుంటూ, "సార్, డబ్బా బాగుందో లేదో మీరు చూసుకోవాలె గానీ పాపకేం తెలుస్తది?" అన్నాడు. నేను నాలుగోది ముందుకు జరిపాను.